మీ దయ వల్ల బాగున్నాను

దమావంద్ కొండ మీద, మూడో మజిలీ రాతి సత్రంలో, టీ ముందు ఎవరు తీసుకోవాలో తేలేసరికి టీ కాస్తా చల్లారిపోయింది. సూదాబే పళ్ళెం పట్టుకుని నిలబడే ఉంది. ముందు ఆడవాళ్ళకివ్వమన్నాడు ఉస్తాద్ తవక్కొలి. పెద్దవాళ్ళుండగా నేనెలా తీసుకుంటానంది పరస్తూ. ఇరజ్ గుండె మీద చెయ్యి వేసుకుని, తల వంచి, ఉస్తాద్ తాగాకే నాకన్నాడు. మా వాళ్ళకి ఇదొక జబ్బు. తారోఫ్ అంటాం. కడుపు కాలిపోతున్నా ఆకలి లేదంటాం, కుర్చీ చూపిస్తే నిలబడే ఉంటామంటాం, గుమ్మం దగ్గర ఇద్దరం ఎదురుపడితే మీరు ముందంటే మీరు ముందని బతిమాలుకుంటూ వెనకవాళ్ళ దారికి అడ్డం పడతాం. కింద మా ఊరు కరజ్‌లో, ఇళ్ళల్లో, ఈ మొహమాటం ముద్దుగానే ఉంటుంది. నాలుగు వేల మీటర్ల పైన, బయట గాలి కప్పు రేకుల్ని పీకుతున్నప్పుడు, చల్లటి టీ తాగాల్సి వస్తే అంత ముద్దుగా ఉండదు.

"తాగుతారా, పారబొయ్యనా?" అంది సూదాబే.

అందరూ నవ్వేశారు. "తాగండి బాబూ, తాగండి. నాయకురాలి హుకుం!" అన్నాడు ఇరజ్.

నాయకురాలు అన్న మాటని అతను కొంచెం సాగదీశాడు. సూదాబే విననట్టే గ్లాసులు పంచింది. వాళ్ళ పర్వతారోహణ క్లబ్బు ఆడవాళ్ళకి ఊరి పక్క గుట్టల మీద నాయకత్వం ఇచ్చేది. దమావంద్ మీద మాత్రం ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. "ఒక్కసారి ఇచ్చి చూద్దాం" అంది కమిటీ ఈసారి. ఆ కమిటీలో ఇరజ్ ఉన్నాడు. అందరి చేతులూ లేచాక, దించబోయే ముందు, తన చెయ్యి ఎత్తాడు. ఆ 'ఒక్కసారి' అన్న మాట సూదాబేకి నెల రోజులుగా నిద్ర లేకుండా చేస్తోంది. శిఖరం అందకుండా జట్టు వెనక్కి వచ్చినా, ఎవరికైనా ఏదైనా జరిగినా, ఇక ఆమెకే కాదు, ఆమె వెనకొచ్చే ఏ ఆడపిల్లకీ ఇవ్వరు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనీ లేదు.

అందుకే ఉస్తాద్ కూడా వస్తానన్నప్పుడు ఆమె మనసు చివుక్కుమంది. క్లబ్బులో సగం మందికి తాడు పట్టడం నేర్పింది ఆయనే. ఆమెకీ ఆయనే నేర్పాడు. కానీ ఇప్పుడు ఆయనకి డెబ్బైకి దగ్గర పడింది. మెట్లెక్కితే దగ్గుతాడు. ఆయన్ని వద్దనడం ఎలా? రావద్దని చెప్పే నోరు కరజ్ ఊళ్ళో ఎవరికీ లేదు. "మీరు రావడం మాకు గర్వం, ఉస్తాద్" అంది. అన్నాక ఇంటికెళ్ళి తల పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కంచరగాడిదల మీద వచ్చిన సామాన్లలో ఒక సంచి తక్కువైంది. పరస్తూది. దారిలో ఎక్కడో జారిపోయింది. "నా సంచి, నేనే వెళ్తాను" అని పరస్తూ, "అయ్యో, మీరెందుకు, నేనుండగా" అని ఇరజ్, "మీరు కూర్చోండర్రా, నేను వెళ్ళొస్తా" అని ఉస్తాద్ తలా ఒక మాట అనుకుంటుండగానే సూదాబే దిగిపోయింది. ఎర్రటి గసగసాల పూలు మొదలయ్యే చోటిదాకా దిగి, రాళ్ళ మధ్య పడి ఉన్న సంచిని వీపున వేసుకుని మళ్ళీ ఎక్కింది. ఆ రోజు విశ్రాంతి రోజు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడడానికని కదలకుండా కూర్చుని, నీళ్ళు బాగా తాగాల్సిన రోజు. అది ఆమెకి తెలియక కాదు. పొద్దున జట్టుకి ఆ పాఠం చెప్పిందే ఆమె.

సాయంత్రం తబ్రీజ్ నుంచి ఇంకో జట్టు వచ్చి పడింది. వేడి ఆష్, అంటే చిక్కటి పప్పుచారు, అందరికీ చాల్లేదు. సూదాబే తన గిన్నె వాళ్ళలో ఒక పెద్దావిడ చేతిలో పెట్టింది. "నాకసలు ఆకలే లేదండీ" అంది. అది తారోఫ్ అని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అలాగే అనుకుంది. నిజానికి ఆ రాత్రి ఆమెకి ఆకలి లేదు. గోడ పక్కన వెచ్చటి చోటు కూడా ఆ పెద్దావిడకే ఇచ్చి, తను తలుపు దగ్గర పడుకుంది. కణతలు పోటు పెడుతుంటే తలుపు సందులోంచి వచ్చే చలిగాలి వల్ల అనుకుంది.

"తలనొప్పా, ఖానుం?" అంది పక్కనున్న పరస్తూ.

"ఏం లేదు. మీ దయ వల్ల బాగున్నాను. పడుకో."

---

వెలుగు రేఖ విచ్చుకుంటుండగా బయల్దేరారు. ముందు ఇరజ్, తర్వాత మిగతావాళ్ళు, వాళ్ళ వెనక ఉస్తాద్, అందరికన్నా వెనక సూదాబే. ముందున్నవాణ్ణి ఎవరూ దాటకూడదు. వెనకున్న నాయకుడు ఆగమంటే అందరూ ఆగాలి, దిగమంటే దిగాలి, ఎందుకని అడగకూడదు. కొండ మీద అడగడానికి ఊపిరీ మిగలదు.

ఎండ తగిలేసరికి కొండ నీడ పడమటి లోయల మీద ఇంత పొడుగున పరుచుకుంది. మామూలప్పుడైతే సూదాబే అది చూపించి అందర్నీ ఒక్క నిమిషం నిలబెట్టేది. ఈసారి తల తిప్పలేదు. ఆమె చూపంతా ఉస్తాద్ బూట్ల మీదే ఉంది. ఎడం కాలు తిన్నగా పడుతోందా? చేతికర్ర రాయి మీద ఆనుతోందా, గాల్లో ఊగుతోందా? దగ్గాక ఎంతసేపు ఆగుతున్నాడు? ఆ పాత తోలు బూట్లు ఒకదాని ముందొకటి, తొందర లేకుండా, ఆలస్యం లేకుండా పడుతున్నాయి. ఎక్కడో ఒకచోట తడబడకపోతాడా అని చూస్తూనే ఉంది. తడబడాలని కోరుకుంటున్నానా అని ఒకసారి అనుమానం వచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

మంచు జలపాతం పక్కన ఆగారు. ఏడాది పొడుగునా గడ్డకట్టి వేలాడే ఆ నీళ్ళకి ఎండ తగిలి కళ్ళు జిగేలుమంటున్నాయి.

"అందరూ ఎలా ఉన్నారు?"

"మీ దయ వల్ల బాగున్నాం" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. ఒకడి పెదాలు నేరేడు రంగుకి తిరిగి ఉన్నాయి, వాడూ అదే అన్నాడు. వాడికి టీ పట్టించి, మెడ చుట్టూ ఇంకో గుడ్డ చుట్టించింది.

"ఉస్తాద్, మీరు?"

"నేనా? పెళ్ళికొడుకులా ఉన్నాను" అన్నాడు ఉస్తాద్, దగ్గి.

సూదాబే తన నీళ్ళ సీసా అందరికీ తిప్పింది. తిరిగొచ్చేసరికి అడుగున గుక్కెడు మిగిలింది. అది కూడా పక్కవాడికిచ్చింది. తర్వాత ఖర్జూరం ఒకటి తీసి, గింజ వేరు చేసి, పండుని కిందికి విసిరేసి, గింజని నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టింది.

పరస్తూకి నవ్వొచ్చింది. నవ్వబోయి, సూదాబే ముఖం చూసి ఆగిపోయింది. సూదాబే నములుతూనే ఉంది. గింజ పళ్ళ కింద కటుక్కుమంటున్నా ఆమెకి ఏమీ తెలిసినట్టు లేదు.

బయల్దేరే ముందు మనుషుల్ని లెక్కపెట్టింది. ఒకరు తక్కువొచ్చారు. మళ్ళీ లెక్కపెట్టింది, వేలితో ఒక్కొక్కర్నీ చూపిస్తూ. మళ్ళీ తక్కువే. "ఎవరు లేరు? ఎవరు రాలేదు? నోరు విప్పరేం?" అని అరిచింది. అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు.

"మిమ్మల్ని కలుపుకున్నారా, ఖానుం?" అన్నాడు ఇరజ్ నెమ్మదిగా.

"ఆ. అవును. పదండి" అంది సూదాబే. చెవులు వేడెక్కాయి. అందరూ నవ్వితే బాగుండుననిపించింది. ఒక్కరూ నవ్వలేదు. ఉస్తాద్ ఒక్కడే వెనక్కి తిరిగి, కర్ర మీద గడ్డం ఆనించి, ఆమె వంక చాలాసేపు చూశాడు. ముసలాయన ఊపిరి కోసం ఆగాడనుకుందామె.

---

శిఖరం కింద గంధకపు దిబ్బ ఉంది. రాళ్ళు పచ్చగా, చేత్తో తాకితే పొడి రాలేట్టు ఉంటాయి. నెర్రెల్లోంచి పొగ లేస్తూ ఉంటుంది, కుళ్ళిన గుడ్ల కంపుతో. దిబ్బకి ఎడమ పక్క ఒక దారి, కుడి పక్క ఒకటి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పొగ లేని పక్క నుంచి చప్పున దాటిపోవాలి. పొగలో ఇరుక్కుని ఊపిరాడక పడిపోయినవాళ్ళ కథలు మా కొండలెక్కేవాళ్ళందరికీ తెలుసు.

ఆ పొద్దున పొగ ఎడమ దారి మీద దుప్పటి పరిచినట్టు పడుకుని ఉంది.

"ఎడం నుంచి" అంది సూదాబే.

ఇరజ్ ఆగాడు. "ఖానుం, గాలి ఇవాళ ఎటు తిరిగిందంటే..."

"గాలి సంగతి నాకు తెలుసు."

"కాదనట్లేదు. కానీ పొగ చూస్తే..."

"ఇరజ్ ఆగా, ఈ జట్టుకి నాయకుడెవరు? మీరా, నేనా? కమిటీలో మీ చెయ్యి ఎంత కష్టం మీద లేచిందో నేను చూళ్ళేదనుకున్నారా?"

'ఆగా' అని మర్యాదగా పిలుస్తూనే అన్న ఆ మాటకి ఇరజ్ ముఖం నల్లబడింది. మళ్ళీ నోరెత్తితే ఏమంటుందో అతనికి అర్థమైంది. చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. "మీరెలా అంటే అలా" అన్నాడు. అని ఎడమకి తిరిగాడు. అతని వెనక నేరేడు పెదాల కుర్రవాడూ తిరిగాడు. పరస్తూ తల మీది రుమాలు ముక్కుకి అడ్డంగా కట్టుకుంటోంది. అందరికీ పొగ కనిపిస్తూనే ఉంది. ఒక్కరూ నోరు మెదపలేదు. ఇరజ్ బూట్ల చుట్టూ పచ్చటి పొగ చుట్టుకుంది.

ఉస్తాద్ దారికి అడ్డంగా కూలబడ్డాడు.

"అమ్మాయ్, ఇక నా వల్ల కాదు. తల పగిలిపోతోంది. నన్ను దింపు."

అందరూ ఆగిపోయారు. ఇరజ్ దగ్గుకుంటూ పొగలోంచి వెనక్కి వచ్చాడు. సూదాబేకి ముందు జాలి కలగలేదు. కోపం వచ్చింది. కాళ్ళ నుంచి తలదాకా పాకే కోపం. నేననుకోలేదా, నేననుకోలేదా అని లోపల ఎవరో అరుస్తున్నారు. శిఖరం అదిగో, ఇంకో గంట నడకైనా లేదు.

"ఇరజ్ ఆగా, ఉస్తాద్‌ని మీరు తీసుకెళ్ళండి."

"వాడితో నేను వెళ్ళను" అన్నాడు ఉస్తాద్. "వాడికి ముడి వెయ్యడం నేనే నేర్పాను. వాడికింకా రాలేదు."

ఆయన నోట ఒకరిని తక్కువ చేసే మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇరజ్ తల దించుకున్నాడు.

"పోనీ, పరస్తూ..."

"పరస్తూ బక్కపిల్ల, నేను పడితే ఆపలేదు. నన్ను తీసుకొచ్చింది నువ్వు. నువ్వే దింపు."

"ఒక్క గంట, ఉస్తాద్. ఈ రాయి చాటున కూర్చోండి. మేం పైకి వెళ్ళొచ్చి, తిరుగుదార్లో మిమ్మల్ని దింపుకుపోతాం."

ఆ మాట అన్నది తనేనని ఆమెకి తర్వాత ఎన్నాళ్ళకో కానీ నమ్మకం కుదరలేదు. కరజ్‌లో వయసులో పెద్దవాణ్ణి వీధిలో నిలబెట్టి మాట్లాడ్డమే తప్పు. పరస్తూ ఉలిక్కిపడింది. ఉస్తాద్‌లాంటి మనిషి ఇలాంటప్పుడు ఏమనాలో అందరికీ తెలుసు. "నా గురించి ఆలోచించకండి, మీరు వెళ్ళండి" అనాలి. జీవితమంతా ఆయన అలాగే అన్నాడు.

"కూర్చోను" అన్నాడు ఉస్తాద్. "ఇక్కడ కూర్చుంటే చస్తాను."

సూదాబే నడుముకి కట్టుకున్న జట్టు జెండా విప్పబోయింది. వేళ్ళకి పట్టు దొరకలేదు. పరస్తూ వచ్చి విప్పిపెట్టింది. జెండా ఇరజ్ చేతికిచ్చేటప్పుడు సూదాబే అతని కళ్ళలోకి చూడలేకపోయింది.

"కుడి నుంచి తీసుకెళ్ళనా?" అన్నాడు ఇరజ్.

"మీ ఇష్టం."

వాళ్ళు కుడి పక్క నుంచి దాటిపోయారు. ఆమె మళ్ళీ శిఖరం వైపు చూడలేదు. చూస్తే ఏడుపొచ్చేలా ఉంది.

---

"నేను జారుతాను, తాడు కట్టు" అన్నాడు ఉస్తాద్.

సూదాబే తాడు తీసింది. ముడి ఎలా మొదలెట్టాలో గుర్తు రాలేదు. వెయ్యిసార్లు వేసిన ముడి. తాడు కొస చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చలికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయిలే, ఇటివ్వు" అని ఆయనే కట్టాడు, ఆమెకీ తనకీ. "నువ్వు ముందు నడు. నాకు దారి చూపించు."

ఆమె ముందు నడిచింది. గులకరాళ్ళ వాలు కాళ్ళ కింద కదిలిపోతోంది. కాసేపటికి ఎడమ కాలు ఎక్కడ పెట్టిందో తెలియలేదు, మనిషి జర్రున జారింది. తాడు బిగుసుకుంది. పైన ఉస్తాద్ కర్రని రాళ్ళలో గుచ్చి, వెనక్కి వాలి నిలబడి ఉన్నాడు.

"మీకేం కాలేదు కదా?" అంది సూదాబే.

"నాకేం కాలేదు."

ఇంకొంచెం దిగాక ఆమెకి వాంతయింది. ఉస్తాద్ పక్కకి తిరిగి, లోయ చూస్తున్నట్టు నిలబడ్డాడు. "పాడు గంధకం. నాకూ తిప్పుతోంది" అన్నాడు. మళ్ళీ జారింది, మళ్ళీ తాడు ఆపింది. ఈ ముసలాయన్ని క్షేమంగా దింపాలి, దింపాలి అని ఆమె తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. ప్రతి రాయి దగ్గరా "జాగ్రత్త, ఉస్తాద్" అంటోంది. ఆయన ప్రతిసారీ "సరే, అమ్మాయ్" అంటున్నాడు.

మంచు జలపాతం దాటి బాగా దిగాక, ఒక చదును రాయి మీద కూలబడ్డారు. ఉస్తాద్ తన సీసాలోంచి గోరువెచ్చటి నీళ్ళు పోసి ఇచ్చాడు. "మీకు..." అనబోయింది. "తాగు" అన్నాడు. తాగింది. ఇంకో గ్లాసు పోశాడు, అదీ తాగింది. ఆయన రొట్టె తీసి, జున్ను రాసి, అక్రోట్లు నలిపి చుట్ట చుట్టి, లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. రెండోది కూడా చుట్టుకున్నాడు. మీసాల్లో పొడి రాలింది.

సూదాబే ఆయన తినడం చూస్తూ ఉంది. తలలో ఒక మూల మంచు కరుగుతున్నట్టుంది. ఎత్తు పడక తల పగిలిపోయే మనిషి రొట్టె ముఖం చూడలేడు. ఆ పాఠం కూడా మొన్న జట్టుకి చెప్పింది ఆమే. వంగి తన ఒంటి మీదున్న తాడు చూసుకుంది. తొడల చుట్టూ, నడుం చుట్టూ, ఛాతీ మీద నుంచి భుజాల మీదుగా తిరిగి ఉంది. ఒంటి మీద అదుపు లేనివాళ్ళని, దెబ్బ తగిలినవాళ్ళని దింపేటప్పుడు కట్టే కట్టు అది. ఉస్తాద్ నడుముకి ఉన్నది ఒట్టి ఒంటి ముడి.

ఖర్జూరపు గింజ గుర్తొచ్చింది. మనుషుల లెక్క గుర్తొచ్చింది. ఇరజ్ బూట్ల చుట్టూ తిరిగిన పచ్చటి పొగ గుర్తొచ్చింది.

"ఉస్తాద్, మీ తలనొప్పి ఎలా ఉంది?"

"దిగుతున్నాం కదా. తగ్గింది" అన్నాడాయన, నోటి నిండా రొట్టెతో, ఎటో చూస్తూ.

ఆమెకి అడగాలని ఉంది. నోరు రాలేదు. అడిగితే ఆయన అబద్ధం బయటపడుతుంది, పెద్దాయన చిన్నబోతాడు. లేచి, "పదండి, జాగ్రత్త" అంది.

---

ఎండ వాలకముందే మిగతావాళ్ళు సత్రానికి దిగొచ్చారు. పెదాలు పగిలి, ముఖాలు కమిలి, అయినా నోళ్ళు మూతపడ్డం లేదు. శిఖరం మీద పరస్తూ ఏడ్చిందట. నేరేడు పెదాల కుర్రవాడు వాళ్ళమ్మకి ఫోన్ కలపబోతే చేతిలోంచి జారి మంచులో పడిందట. ఒక్కొక్కరే వచ్చి సూదాబేకి తల వంచి కృతజ్ఞత చెబుతున్నారు: "మీ చెయ్యి నొప్పి పుట్టకూడదు, ఖానుం. ఉస్తాద్ కోసం చేతికందిన శిఖరం వదులుకున్నారు. నాయకత్వమంటే అదీ." ఆమె మూల పరుపు మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో టీ గ్లాసు, నోట్లో చక్కెర ముక్క. చక్కెర కరిగిపోయింది కానీ టీ తాగలేదు.

ఇరజ్ ఉస్తాద్ పక్కన చతికిలబడ్డాడు. పొద్దున మాట పడ్డ మంట అతనిలో ఇంకా ఉంది. కానీ గొంతులో వినయం తక్కువ కాలేదు. "ఉస్తాద్ జాన్, మీరు మా నెత్తి మీద కిరీటం. కానీ ఒక మాట. దేవుడి దయ వల్ల ఈసారి గండం తప్పింది. ఇక వయసు దాటినవాళ్ళని పెద్ద కొండల మీదికి తీసుకురాకూడదని కమిటీలో పెడదామనుకుంటున్నాను. మీ మంచి కోసమే. టోచాల్ కొండ మీదికి తీగల మీద వేలాడుతూ పోయే తీగబండిలో తీసుకెళ్తాం, హాయిగా టీ తాగొద్దాం."

ఎవరో నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. "నిజమేరా. నా పనైపోయింది. పెట్టు" అన్నాడు. మోకాలి మీదున్న చెయ్యి, కర్ర లేకపోయినా కర్ర పట్టుకున్నట్టు ముడుచుకుంది.

సూదాబే ఆ చెయ్యి చూసింది. ఊరుకుంటే అంతా సవ్యంగా జరిగిపోతుంది. ఆమెని మెచ్చుకుంటారు, వచ్చే ఏడు మళ్ళీ జెండా ఇస్తారు. ఉస్తాద్ ఒక్కడే తీగబండి ఎక్కుతాడు, నవ్వుతూ ఎక్కుతాడు. నోరు విప్పితే 'ఒక్కసారి' ఇక్కడితో సరి.

గ్లాసు కింద పెట్టింది. "ఉస్తాద్‌కి ఏమీ కాలేదు. ఎత్తు పడనిది నాకు" అంది.

పక్కనున్నవాళ్ళు ఆమె వైపు తిరిగారు.

"నన్ను దింపడానికి ఆయన జబ్బు నటించారు. నాకు ముడి వెయ్యడం రాలేదు. దారిలో రెండుసార్లు పడ్డాను, ఆయన ఆపారు. మిమ్మల్నందర్నీ పొగలోకి పంపబోయాను. కమిటీలో పెట్టేదేదైనా ఉంటే అది పెట్టండి, ఇరజ్ ఆగా."

ఇరజ్ ఆశ్చర్యపోతాడనుకుంది. అతను విప్పి పెట్టిన బూట్ల వైపు చూస్తున్నాడు. ఆమె పరస్తూ వైపు తిరిగింది. పరస్తూ కళ్ళు దించుకుంది. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అప్పుడర్థమైంది సూదాబేకి, కింది నుంచి ఎవరో పరుపు లాగేసినట్టు.

"మీకు తెలుసా?"

"ఖర్జూరం పారేసినప్పుడే అనుకున్నాను" అంది పరస్తూ, ఏడుపు గొంతుతో. "నాయకురాలికి నేనెలా చెప్పను? పక్కన ఎవరైనా చెబుతారేమోనని చూశాను."

"నేనూ చూశాను. లెక్క తప్పినప్పుడు" అన్నాడు ఇరజ్. "చెబితే పెత్తనం కోసం చెప్పాననుకుంటారని ఊరుకున్నాను. అన్నారు కూడా కదా. పొగలోకైనా నడిచాను కానీ... అది తప్పు. నాకు భార్యాపిల్లలున్నారు. ఈ వెధవ మొహమాటానికి చచ్చేవాణ్ణి."

సూదాబే ఉస్తాద్ వైపు చూసింది. కళ్ళు నిండిపోయాయి. "మీరొక్కరే నన్ను కాపాడాలనుకున్నారు. మీ పరువు పోగొట్టుకుని మరీ..."

"ఆపు" అన్నాడు ఉస్తాద్. ఆయన ముఖంలో నవ్వు లేదు. "దీన్నేదో గొప్ప పని చెయ్యకు. వీళ్ళు నోరు మూసుకున్నారు, నేను అబద్ధమాడాను, అంతే తేడా. నీ ముఖం మీద 'నీకు బాలేదు, దిగు' అనడానికి నాక్కూడా ధైర్యం చాల్లేదు. నిన్నటి పిల్లవి, చెవి మెలేసి దింపాల్సింది. అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చడమెందుకులే అని నాటకమాడాను. నువ్వు విన్నావు కనక సరిపోయింది. వినకుండా నన్నా రాయి చాటున వదిలేసి, వీళ్ళని పొగలోకి తోలుంటే? వెళ్ళబోయావు కూడా."

"వెళ్ళబోయాను" అంది సూదాబే.

"మరి అప్పుడేం చేసేవాణ్ణి? నాకు తెలీదు. దారంతా అదే ఆలోచించాను. నీ వెనక తాడు పట్టుకుని, ఇప్పటికైనా చెప్పెయ్యి ముసలాడా అనుకుంటూనే, 'సరే అమ్మాయ్, సరే అమ్మాయ్' అంటూ దిగాను. ఇన్నేళ్ళు మీకు ముళ్ళు నేర్పాను. నోరు విప్పడం నేర్పలేదు. నాకొస్తేగా."

మూల స్టవ్ మీద కెటిల్ ఒక్కటే బుసబుసమంటోంది. బయట కంచరగాడిదలు మెడలు విదిలించుకుంటున్న చప్పుడు. అందరి బూట్లూ విప్పి గోడ వారగా పెట్టి ఉన్నాయి. తడి మేజోళ్ళు తాడు మీద ఆరుతున్నాయి. ఒళ్ళు హూనమై ఉన్నారందరూ. ఈ రాత్రికి ఇక్కడే పడుకుని, రేపు తీరిగ్గా దిగాలని ముందే అనుకున్నారు.

పరస్తూ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి సూదాబే ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడెలా ఉంది మీకు?" అంది.

మీ దయ వల్ల అన్న మాట సూదాబే నాలిక చివరిదాకా వచ్చింది. అందరి అలసిన ముఖాలూ, విప్పేసిన బూట్లూ చూసింది. ఆ మాటని మింగేసింది.

"బాలేదు" అంది. "కూర్చున్నా గది తిరుగుతోంది. నీ ముఖం నాకు రెండుగా కనిపిస్తోంది. నేను రాత్రికి ఇక్కడ ఉండకూడదు. ఇప్పుడే దిగాలి, ఒక్కదాన్నే దిగలేను. మీరంతా అలిసిపోయారని నాకు తెలుసు. అయినా దింపండి."

ఇరజ్ అప్పటికే మేజోళ్ళు తాడు మీంచి లాగుతున్నాడు. "అయ్యో, అంత మాటెందుకు" అనలేదు. "మీరడగాలా" అనలేదు. తడి మేజోడులో కాలు దూర్చుకుంటూ, "ఖానుం సంచి ఎవరైనా తీసుకోండి. కంచరగాడిదలవాణ్ణి నిలబెట్టండి, వాడు వెళ్ళిపోతాడు" అని కేకేశాడు. "ఉస్తాద్, మీరు దిగగలరా? నిజం చెప్పండి."

ఉస్తాద్ బూటు తాళ్ళు బిగిస్తున్నాడు. చెయ్యి ఆపి, ఒక్క క్షణం ఆలోచించాడు.

"మోకాలు నొప్పిగా ఉంది" అన్నాడు. "నెమ్మదిగా నడవండి."